అంచుకి వేలెడు తక్కువ

ఆ ఇంట్లో టీ గ్లాసు పట్టుకుని నాలుగడుగులు నడిచినవాళ్లు లేరు. ఇల్లాలు పోస్తే అంచుదాకా పోస్తుంది. తాగేవాళ్లు గ్లాసు బల్ల మీద ఉండగానే వంగి ఒక గుక్క జుర్రుకుని, ఆ తర్వాతే చేత్తో ఎత్తాలి. "తక్కువ పోస్తే మనసులో కూడా తక్కువే ఉన్నట్టు" అని ఆవిడ సిద్ధాంతం. కోడిపిల్లల నీళ్ల పళ్లేలైనా, కిటికీలో పూలకుండీలైనా ముప్పై ఐదేళ్లుగా ఆ చేతికి ఒకటే కొలత.

ఆ రోజు పొద్దున కూడా మేస్త్రి అలాగే బల్ల మీదికి వంగి ఉన్నాడు. లారీ బ్యాటరీలు బాగుచేసే ఆయన్ని ఊరంతా ఆసిడ్ మేస్త్రి అంటుంది. ఎదురుగా కూతురు బూట్లకు తాళ్లు కట్టుకుంటోంది. ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు బిగించే పని ఆ పిల్లది. గోడ మీద క్యాలెండరులో ఇరవై గడులకు అడ్డగీతలు పడ్డాయి. ఇరవై ఒకటో గడి చుట్టూ ఆమె ఎర్ర పెన్నుతో మూడు సున్నాలు చుట్టింది. అది ఈ రోజే.

"సాయంత్రానికి షాపు తాళం నా జేబులో ఉంటుంది నాన్నా," అంది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నాట్ట. ముందు గుడ్లు పగలనీ."

"పగుల్తున్నాయండీ," అంది తల్లి పొయ్యి దగ్గర్నుంచి. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "తెల్లారగట్ట చూశాను. నలభై దాకా ముక్కులు పొడిచాయి. ఈ సబ్బేమిటో గానీ చేతులు ఒకటే మంట, అయినా ఆ చప్పుడు వింటుంటే మంట తెలీట్లేదు."

ఈ తాళం సంగతి చెప్పాలంటే నెల వెనక్కి వెళ్లాలి. కరెంటు స్తంభాలు పెద్దరోడ్డు మలుపు దగ్గరే ఆగిపోయాయి. ఈ ఇల్లు అక్కడికి నాలుగు మైళ్లు. ఇన్నాళ్లూ డీజిలు జనరేటరు దడదడలాడుతూ, తల్లి కోడిగుడ్లు పొదిగించే పొదుగు పెట్టెను నడిపింది. నాలుగొందల గుడ్లు, ఇరవై ఒక్క రోజులు, వెచ్చదనం ఒక్క గంట తప్పినా పిల్లలు దక్కవు. జనరేటరు ముసలిదైపోయింది. మేస్త్రి నడుము కూడా అదే దారిలో ఉంది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాక, పెద్దరోడ్డు మీద తన షాపుని పక్కషాపు టైర్లాయనకి ఇచ్చేద్దామనుకున్నాడు. కూతురు అడ్డం పడింది. ఆ షాపు నాకు కావాలి, కరెంటు తీగ రాని ఇళ్లకు సోలార్ బ్యాటరీలు ఎంచి పెట్టే షాపు చేస్తాను అంది.

"ఎంచడమంటే మాటలా?" అన్నాడు మేస్త్రి. "సరే, మనింటికే ఎంచు చూద్దాం. నన్నడిగితే ఎనిమిది లారీ బ్యాటరీలు చాలు. నా చేత్తో ప్లేట్లు వేసినవి. సెల్ఫ్ కొడితే కొండ కదలాలి."

"కొండ కదలక్కర్లేదు నాన్నా. పెట్టెలో బల్బూ ఫ్యానూ సాయంత్రం నుంచి పొద్దున దాకా నడవాలి. లారీ బ్యాటరీ ఒక్క ఊపులో బలమంతా చూపిస్తుంది, ఆ తర్వాత ఇంజను దాన్ని నింపుతూ ఉంటుంది. అందుకే దాని ప్లేట్లు పల్చన. రోజూ సగందాకా వాడి నింపుతుంటే ఏడాది తిరగదు."

"నలభై ఏళ్లుగా ప్లేట్లు చూస్తున్నాను. తాతకు దగ్గులు నేర్పుతున్నావు."

"దగ్గు నేర్పట్లేదు, మందు చెబుతున్నాను. ఎనిమిదీ కలిపితే, ఇరవై నాలుగు ఓల్టులకు రెండేసి చొప్పున నాలుగు వరసలవుతాయి. ఒక వరస మందగిస్తే మిగతా మూడూ దాన్ని మోయాలి. నాకు ఒక్కటే వరస కావాలి. రెండేసి ఓల్టుల పెద్ద సెల్స్, పన్నెండు. మందం ప్లేట్లు, నడుమెత్తు."

"పనిలో పని ఇంకా పెద్దవి తెచ్చెయ్యరాదూ," అంది తల్లి.

"తొట్టి పెద్దదైతే చాలదమ్మా, నింపే పంపు కూడా ఉండాలి. మన పలకలు ఎంత నింపగలవో అంతే కొనాలి. రోజూ అరకొరగా నింపితే ప్లేట్ల మీద తెల్లగా పొర కడుతుంది. ఇక అంతే సంగతులు."

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "మూత తీసే పనే లేనివి, నీళ్లు పొయ్యక్కర్లేనివి వస్తున్నాయిగా. అవెందుకు కావు?"

అన్నిటికీ టకటకా జవాబు చెప్పిన పిల్ల దీనికి మాత్రం తల దించుకుంది. "ఇవే కావాలి," అంది అంతే.

అలా పందెం కుదిరింది. ఒక పొదుగు. ఇరవై ఒక్క రోజుల్లో జనరేటరు తాడు ఒక్కసారి కూడా లాగకపోతే తాళం కూతురిది, లాగితే టైర్లాయనది. కూతురు ఎంచిన పన్నెండు సెల్స్ వెనక గదిలో దిగాయి. మేస్త్రి ఆ బ్యాటరీ గదిలో అడుగు పెట్టనని ఒట్టేశాడు. పెడితే వేలు పెట్టకుండా ఉండలేడని ఆయనకే తెలుసు. తల్లి మాత్రం పెళ్లయ్యాక మొదటిసారి మొగుడి మాట కాదని కూతురి పక్కన నిలబడింది. "నువ్వు నిశ్చింతగా పనికెళ్లు. ఆ పన్నెండు మందినీ నేను కనిపెట్టుకునుంటాను," అని మాటిచ్చింది.

సరే, ఇక ఆ పొద్దుటి విషయానికొద్దాం. కూతురు రెండో బూటు తాడు బిగిస్తుండగా వెనక గదిలోంచి కీచుమని మోత వచ్చింది. ఆగి ఆగి మూడుసార్లు మోగి, తర్వాత ఏ చప్పుడూ లేకుండా పోయింది. పొదుగు పెట్టె ఫ్యాను రొద కూడా లేదు. ఆ ఇంట్లో ఇరవై రోజులుగా ఆగని రొద అది.

మరుక్షణం కూతురు తాడు కట్టని బూటుతోనే పరిగెత్తింది. ఇన్వర్టరు మీద ఎర్ర దీపం. మీటరులో ముల్లు అడుగుకు పడి ఉంది. సూర్యుడు ఇంకా గుట్ట దాటలేదు, పలకలు అందుకోవడానికి గంటన్నర పడుతుంది.

"దుప్పట్లు తీసుకురా," అని తల్లి కేకేసింది, ఎవరికేశానన్నది చూసుకోకుండా. తెచ్చింది మేస్త్రే. ముగ్గురూ కలిసి పెట్టె చుట్టూ దుప్పట్లు చుట్టారు, పై గాలి కన్నాలు మాత్రం వదిలి. లోపల కిచకిచలు వినిపిస్తున్నాయి. తల్లి చెక్కకు చెవి ఆనించింది.

"చలికి కిచకిచలు తగ్గిపోతున్నాయే," అంది.

కూతురు ఇక ఆలోచించలేదు. పెరట్లోకి వెళ్లి, కప్పి ఉంచిన టార్పాలిన్ లాగి పడేసి, జనరేటరు తాడు తన చేత్తోనే గుంజింది. మూడోసారికి అది దగ్గి, ఊగి, అందుకుంది. ఫ్యాను తిరిగింది. పొగలో నిలబడి ఆమె కళ్లు తుడుచుకుంటుంటే మేస్త్రి గుమ్మంలోంచి చూశాడు. గెలిచినవాడిలా లేదు ఆయన మొహం.

పనికి సెలవు పెట్టి కూతురు బ్యాటరీ గదిలో కూర్చుంది. జనరేటరు ఒకపక్క, ఎండ ఒకపక్క పన్నెండింటినీ నింపుతున్నాయి. పదకొండు గంటలకు ఓల్టు పైకంటా వచ్చేసింది. మూతలు తీస్తే లోపల బుడబుడమని బుడగలు. నిండాయనడానికి అదే గుర్తు. ఆమె హైడ్రోమీటరు తీసింది. గాజు గొట్టంలో బుల్లి తేలుడు బుడ్డీ ఉండే పరికరం అది. ఆసిడ్ చిక్కగా ఉంటే బుడ్డీ పైకి తేలుతుంది, పల్చబడితే మునుగుతుంది. నిండిన సెల్‌లో గ్రావిటీ, అంటే ఆసిడ్ చిక్కదనం, పన్నెండు యాభై చూపించాలి. పదకొండు తొంభై చూపించింది. రెండో సెల్, మూడో సెల్, పన్నెండో సెల్, అన్నీ అంతే.

ఆమె నోట్‌బుక్ తిరగేసింది. మొదటి వారం పన్నెండు యాభై. రెండో వారం పన్నెండు పాతిక. అప్పుడు మబ్బు రోజులు కదా, అందుకే తగ్గిందని సరిపెట్టుకుంది. మూడో వారం పలకల పని తలకు మించి ఉండి, కొలవనే లేదు. ఒక్క సెల్ చెడితే ఒక్కటే తగ్గాలి. పన్నెండూ ఒకేలా తగ్గాయంటే సెల్ తప్పు కాదు. ఓల్టు నిండింది, ఆసిడ్ లేదు. ఆసిడ్ ఎక్కడికి పోతుంది? కింద ట్రే చూసింది. అద్దంలా శుభ్రంగా ఉంది. మరీ అంత శుభ్రంగా ఎందుకుంది?

లేచి నిలబడేసరికి తలుపు వెనక మేకుకు తల్లి నూలు ఏప్రాన్ కనిపించింది. పొట్ట దగ్గర వరసగా చిల్లులు, కందిగింజంత, బఠాణీగింజంత. వేలితో తడిమితే గుడ్డ తడిసిన కాగితంలా చిరిగిపోయింది. పక్కనే బల్ల మీద వాన నీళ్ల బిందె, దాని మీద బోర్లించిన మగ్గు, గరాటు.

ఆమెకు అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. తాను బూట్లేసుకుని వెళ్లిపోయాక అమ్మ రోజూ పన్నెండు మూతలూ తీసి నీళ్లు పోస్తోంది. అమ్మ చేతి కొలత అంచుదాకా. మధ్యాహ్నం ఎండకు బుడగలొచ్చి పొంగితే ఆసిడ్ బయటికి పోతుంది. మర్నాడు మళ్లీ నీళ్లు. ఇరవై రోజులు.

పక్క గదిలో తల్లి గొంతు వినిపిస్తోంది. "రావే తల్లీ, రా, ఇంకొక్క పొడుపు," అని ఏ గుడ్డునో బతిమాలుతోంది. వచ్చిన ప్రతి పిల్లకీ ఒక నవ్వు. ఆ నవ్వు వింటూ కూతురు ఏప్రాన్ మడతపెట్టింది. మడత మీద మడత పెట్టి తన పని సంచీలో అడుక్కి కుక్కింది. జీవితంలో ఒక్కసారి నా పక్కన నిలబడిన మనిషి, ఆ మనిషి వల్లే ఓడిపోయానని ఎలా చెప్పను అనుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నలుగురూ నవ్వితే అమ్మ తట్టుకోలేదు.

సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి టైర్లాయన వచ్చి కూర్చున్నాడు. బండి వాకిట్లో ఆపి, జనరేటరు మోత విని, సంగతి అర్థమై, ఎటు చూడాలో తెలీక కప్పు వంక చూస్తున్నాడు. మంచి మనిషి. తాళం కోసమే వచ్చాడు గానీ, ఇలా వస్తుందనుకోలేదు.

"బాబాయ్‌కి తాళం ఇచ్చెయ్ నాన్నా," అంది కూతురు. "నా ఎంపిక తప్పింది. లారీ బ్యాటరీలే వేసుకుందాం."

మేస్త్రి జేబులోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టాడే గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఏం తప్పింది?"

"చెప్పానుగా. ఎంపిక."

"ఎంపికలో ఏం తప్పింది? ప్లేటా, వైరా, పలకా? నిన్నటిదాకా గుక్క తిప్పుకోకుండా లెక్కలు చెప్పావే. ఇప్పుడు లెక్క చెప్పు."

"ఓడిపోయానంటున్నాను కదా. ఇంకేం కావాలి నీకు? నాలుగు వీధుల్లో చాటింపు వేయించాలా?"

"అమ్మాయ్," అన్నాడు టైర్లాయన మెల్లగా.

"ఉండు బాబాయ్. పెరటిచెట్టు మందుకు పనికిరాదని ఈయనకి మొదట్నుంచీ తెలుసు. ఊళ్లో పాతిక ఇళ్లకు నేను చెప్పింది వేదం. ఈ ఇంట్లోనే నాకు పరీక్ష. అదీ అయింది. తప్పాను. ఇంక వదిలెయ్యమను."

"వదల్ను," అన్నాడు మేస్త్రి. గొంతు పెరిగింది. "మూడేళ్లప్పుడు స్క్రూడ్రైవరు ఇవ్వలేదని పూటంతా తిండి మానేసిన పిల్లవి నువ్వు. నువ్వు ఓడిపోవడం నాకు కొత్త కాదు. ఒప్పుకోవడం కొత్త. ఏదో దాస్తున్నావు."

"ఏమీ లేదు."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

చూడలేకపోయింది. సరిగ్గా అప్పుడే తల్లి టీ పళ్లెంతో వచ్చింది. నాలుగు గ్లాసులు, నాలుగూ అంచుదాకా, పళ్లెంలో సగం టీ. జుట్టులో ఒక పసుపుపచ్చ ఈక చిక్కుకుని ఉంది.

"నూట పది మంది వచ్చారు," అంది. అందరి మొహాలూ చూసి గొంతు తగ్గించింది. "ఏమైంది? నా ఏప్రాన్ ఎవరైనా చూశారా? బ్యాటరీ గది తలుపు వెనక తగిలించాను."

కూతురు చెయ్యి అసంకల్పితంగా సంచీ మీద పడింది. మేస్త్రి కళ్లు ఆ చేతి మీద పడ్డాయి. ఆయన లేచి, సంచీ లాక్కుని, అడుగునుంచి ఏప్రాన్ తీసి కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. చిల్లుల్లోంచి ఎండ ఆయన మొహం మీద చుక్కలు చుక్కలుగా పడింది.

ఆ చిల్లులు ఆయనకు తెలుసు. నలభై ఏళ్లుగా ఆయన వేసుకున్న ఏ చొక్కాకూ పొట్ట దగ్గర గుడ్డ నిలవలేదు. ఎన్ని చొక్కాలకు మాసికలు వేసిందో ఈవిడ, ఎన్ని తిట్లు తిట్టిందో.

"నీ చేతులేవి?" అన్నాడు భార్యతో.

"చేతులా? ఎందుకండీ?"

పళ్లెం బల్ల మీద పెట్టించి, రెండు చేతులూ తిప్పి చూశాడు. అరచేతులు ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి.

"ఇది సబ్బు కాదే పిచ్చిదానా. ఆ సెల్స్‌లో నీళ్లు పోస్తున్నావా?"

"పొయ్యకుండా ఉంటానా మరి?" అంది ఆవిడ ఆశ్చర్యంగా. "రోజూ పోస్తాను. పొద్దున్నే కోళ్లకు పెట్టి, ఆ చేత్తోనే వీళ్లకూ. మాటిచ్చానుగా దానికి. డబ్బాలో ఉన్న బ్యాటరీ నీళ్లు ఖరీదైనవి కదా, వాటి జోలికి పోలేదు. శుభ్రంగా వడకట్టిన వాన నీళ్లే. ఎండకు పాపం మధ్యాహ్నానికి చెమటలు పట్టేస్తాయండీ వాటికి, పై నుంచి కింద దాకా కారిపోతుంది. ఎక్కడా మరక లేకుండా తుడుస్తాను కావలిస్తే చూడండి."

టైర్లాయన మళ్లీ కప్పు వంక చూశాడు. ఆవిడ కూతురి మొహం చూసింది, మొగుడి చేతిలో ఏప్రాన్ చూసింది, ఇంకా మోగుతున్న జనరేటరు వైపు చూసింది.

"అది చెమట కాదా?" అంది.

"కాదమ్మా," అంది కూతురు.

"నా వల్లేనా?"

"కాదమ్మా, నేను..."

"నా చేతులారా చేశానా?" ఆవిడ అక్కడే కుర్చీలో కూలబడింది. మంటెక్కిన ఆ చేతులతోనే మొహం కప్పుకుంది. "గెలవాలని ఎంత ఆశపడ్డానే. రోజూ గీత కొట్టేటప్పుడు నీకంటే ముందు నేనే లెక్కపెట్టుకునేదాన్ని. దానికి తాళం రావాలి, దానికి తాళం రావాలి అనుకుంటూ పోశాను. నిండుగా పోశాను."

కూతురు మోకాళ్ల మీద కూర్చుని తల్లి ఒళ్లో తల పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు. మేస్త్రి నిలబడి ఆ చిల్లుల గుడ్డను నలుపుతున్నాడు.

"ఇందులో మీ ఇద్దరి తప్పూ లేదు. మన పెళ్లైన ఏడాది నాకు జ్వరమొచ్చి వారం పడుకున్నాను, గుర్తుందా? షాపు నువ్వే చూశావు. ఏం చెప్పాను నీకు?"

ఆవిడ చేతుల్లోంచే చెప్పింది. "ఏ పని మరిచినా ఫరవాలేదు, పొద్దున్నే నీళ్లు పొయ్యడం మరవకు. ప్లేట్లు ఎండితే చచ్చిపోతాయి అన్నారు."

"అన్నాను. ఎంతవరకు పొయ్యాలో చెప్పలేదు. ఎప్పుడు పొయ్యాలో చెప్పలేదు. ఛార్జి నిండాక పొయ్యాలి, అంచుకి వేలెడు తక్కువ పొయ్యాలి. ఆ మిగతా సగం పాఠం చెప్పడానికి నాకు ముప్పై ఐదేళ్లు పట్టింది. నువ్వు మాత్రం నా సగం మాటనే ఇన్నేళ్లూ పట్టుకున్నావు."

"నేను మాత్రం చెప్పానా?" అంది కూతురు తలెత్తి. "తలుపు మీద పెద్ద కాగితం అంటించాను, ఓల్టులూ గ్రావిటీ అంటూ. ఊళ్లో ప్రతి ఇంట్లో గంటసేపు కూర్చుని చెప్పి వస్తాను. రోజంతా వాటి పక్కనుండే మా అమ్మకి ఒక్క ముక్క చెప్పలేదు."

మేస్త్రి ముక్కు చీదుకుని, ఏప్రాన్‌తోనే తుడుచుకోబోయి ఆగాడు. అప్పుడొచ్చింది ఆయన కళ్లలోకి ఒక వెలుగు. ఇరవై ఒక్క రోజులు ఒట్టు పెట్టుకుని బిగబట్టుకున్న మనిషి కదా.

"గ్రావిటీ ఎంతుంది?"

"పదకొండు తొంభై."

"పన్నెండూ?"

"పన్నెండూ ఒకేలా."

"ఒకేలానా?" చొక్కా చేతులు మడిచాడు. "అయితే ఏడుపులెందుకు? ప్లేట్లు దివ్యంగా ఉన్నాయి. పోయింది ఆసిడ్. పోయిన ఆసిడ్ మళ్లీ పొయ్యలేమా? ఏరా తమ్ముడూ, ఆ తాళం తీసుకో."

టైర్లాయన ఉలిక్కిపడ్డాడు. "ఇప్పుడా అన్నా?"

"షాపు తెరిచి వెనక అరలో రెండు ఆసిడ్ క్యాన్లుంటాయి, పట్టుకురా. గాజు జాడీ, పెద్ద పిచికారీ కూడా. గుంటల్లో మెల్లగా నడుపు."

"తాళం తీసుకోవడానికొచ్చి కూలీనయ్యాను," అని గొణుక్కుంటూ ఆయన బండి తీశాడు. గొణిగాడే గానీ, గంటలోపే తిరిగొచ్చాడు.

ఆ తర్వాత రెండు గంటలు ఆ గది చూడాల్సింది. మేస్త్రి స్టూలు మీద కూర్చుని చెబుతుంటే, కూతురు కళ్లద్దాలూ రబ్బరు తొడుగులూ వేసుకుని చేసింది. ఒక్కో సెల్‌లోంచి పల్చటి నీళ్లు పిచికారీతో లాగడం, జాడీలోకి వదలడం, అదే కొలత చిక్కటి ఆసిడ్ సెల్‌లోకి సన్నగా వదలడం, బుడగలు దాన్ని కలిపేదాకా ఆగడం, మళ్లీ బుడ్డీ చూడడం. ఆయన నోరు మూతపడలేదు. తొందరపడకు, ఆలస్యం అమృతం విషమనే మాట ఆసిడ్‌కి వర్తించదు అంటాడు. అడుగంటా తొయ్యకు, పిచికారీ కొస ప్లేటుకి తగుల్తుంది అంటాడు. ఆ పిల్ల విసుక్కోలేదు. నోట్‌బుక్ తెరిచి పెట్టుకుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఏ పుస్తకంలోనూ అంత వివరంగా దొరకలేదు మరి.

మొదటి సెల్‌లో బుడ్డీ పైకి లేచింది. పన్నెండు నలభై, పన్నెండు నలభై ఐదు. పన్నెండు యాభై.

"వచ్చింది నాన్నా," అంది కూతురు.

మేస్త్రి వంగి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, గాజు గొట్టం దగ్గరికి మొహం పెట్టి చూశాడు. ఆ బుడ్డీని అలా చూసి ఎన్నాళ్లైందో. షాపులో అన్నీ మూత తీసే పని లేని బ్యాటరీలే వస్తున్నాయి ఈమధ్య, మార్చడమే తప్ప తెరిచి చూసేది లేదు.

"ఆ రోజు అడిగితే చెప్పలేదు," అన్నాడు. "మూత తీసే పని లేనివి కొనుంటే ఈ తిప్పలే ఉండేవి కావు. ఇవెందుకు ఎంచావు?"

కూతురు రెండో సెల్ మూత తిప్పుతూ, తలెత్తకుండానే చెప్పింది. "వాటిలో నీ చేతికి పనేముంటుంది? నెలకోసారి గ్రావిటీ చూడాలి, మూడు నెలలకోసారి గట్టిగా ఛార్జి చెయ్యాలి. ప్రతి ఇంటికీ వెళ్లి చూసేవాళ్లు కావాలి. బరువు నేనెత్తుతాను. బుడ్డీ నువ్వు చూడాలి. షాపు నాకు కావాలన్నాను గానీ, నువ్వు లేని షాపు కావాలన్నానా?"

మేస్త్రి కళ్లజోడు కిందికి దించుకున్నాడు, మళ్లీ ఎత్తాడు. ఆసిడ్ ఆవిరి, కళ్లు మండుతున్నాయి అన్నాడు. ఆ మాట ఆ గదిలో ఎవరూ నమ్మలేదు.

నాలుగింటికి జనరేటరు ఆపేశారు. ఫ్యాను ఆగలేదు. మీటరు ముల్లు ఇసుమంత కూడా కదల్లేదు. పొదుగు పెట్టెలో మూడొందల అరవై రెండు పిల్లలు లేచి నిలబడి ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. ఆ గోలకు ఇల్లు ఎగిరిపోయేలా ఉంది.

మేస్త్రి టైర్లాయన ముందు చెయ్యి చాపాడు. "తాళం ఇటివ్వు."

"అన్నా, తాడు లాగారు కదా," అన్నాడు టైర్లాయన. చెయ్యి మాత్రం అప్పటికే జేబులోకి పోయింది. "పందెం పందెమేగా."

"పందెం కాసింది బ్యాటరీల మీద. అవి ఓడలేదు. ఓడింది నా సగం పాఠం," అని మేస్త్రి తాళం అందుకుని కూతురి అరచేతిలో పెట్టాడు. పెట్టి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య మూసి పట్టుకున్నాడు. "రేపు పొద్దున్నే తెరవాలి. నన్ను లేపకుండా వెళ్లావంటే ఊరుకోను."

కూతురు నవ్వుతూ ఏడుస్తూ తలూపింది.

తల్లి మళ్లీ టీ పెట్టింది. చేతులకు కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టింది కూతురు, అయినా కెటిలు ఎవరికీ ఇవ్వనంది. బల్ల చుట్టూ అందరూ అలవాటుగా ముందుకి వంగి, జుర్రుకోవడానికి మూతులు సిద్ధం చేసుకున్నారు. ఆవిడ టైర్లాయన గ్లాసులో పోసింది. అంచు దగ్గరికొచ్చేసరికి కెటిలు ఆపి, గ్లాసుకు వేలు అడ్డం పెట్టి కొలిచి చూసుకుంది. వేలెడు ఖాళీ. కూతురి గ్లాసుకూ అంతే. పెదాలు బిగించి, ఒక్క చుక్క ఎక్కువ కాకుండా పోసింది. ముప్పై ఐదేళ్ల చెయ్యి ఒక్కపూటలో కొలత మార్చుకుంటోంది, దానికెంత కష్టంగా ఉందో చూస్తేనే తెలుస్తోంది.

మేస్త్రి గ్లాసు దగ్గరికొచ్చి మళ్లీ వేలు అడ్డం పెట్టబోయింది. ఆయన ఆ వేలు పట్టుకుని మెల్లగా పక్కకు జరిపాడు.

"నేను బ్యాటరీని కాదు," అన్నాడు. "నాకు నిండుగా పొయ్యి."